టాంటలైజ్: ఈ మాట ఎక్కడ పుట్టింది, తెలుగులో ఏమనాలి?

కాకినాడ_అనువాదిని

ఒక ఇంగ్లీషు విజ్ఞాన వ్యాసాన్ని తెలుగులోకి తెస్తూ ‘టాంటలైజింగ్’ అనే విశేషణం దగ్గర ఆగిపోయాను. సుదూర గ్రహం ఒకదాని వాతావరణంలో నీటి ఆవిరి జాడ లీలగా కనిపించిందనీ, ఇంకా నిశితంగా కొలవబోయేసరికి అది లెక్కల సందిగ్ధతలో కలిసిపోయిందనీ, మరో కొలతలో మళ్లీ తొంగిచూసిందనీ వివరించి, అటువంటి జాడకు వ్యాసకర్త ఈ విశేషణం వాడారు. నేను ‘ఊరించే జాడ’ అని రాసి పంపితే, పత్రిక సంపాదకులు దానిని కొట్టివేసి ‘ప్రలోభపెట్టే జాడ’ అని దిద్దారు. ఊరించడం వంటింటి మాట అనీ, శాస్త్ర విషయానికి గంభీరమైన పదం కావాలనీ వారి అభిప్రాయం. ప్రలోభం అనగానే నాకు ఎన్నికల వేళ పంచే డబ్బు గుర్తుకు వస్తుందే తప్ప, నీటి జాడ కోసం తపించే శాస్త్రవేత్త మనసు గుర్తుకు రాదు. నా దగ్గరున్న నిఘంటువు ‘ఆశపెట్టి వేధించు’ అంటోంది. అర్థానికి అది దగ్గరే కానీ, గ్రహం ఎవరినీ వేధించదు కదా. ఈ మాట ఎలా పుట్టిందో, దానిలో ఏయే అర్థచ్ఛాయలు ఉన్నాయో తెలిసినవారు వివరిస్తే, సంపాదకులతో మరొకసారి మాట్లాడాలని ఉంది.

పాతపుస్తకాలు

ప్రలోభపెట్టడం ఎంతమాత్రం కాదు. ప్రలోభపెట్టేవాడు తన పని జరిపించుకోవడానికి ఎర చూపుతాడు, పని జరిగితే ఆ ఎరను ఇస్తాడు కూడా. ఈ మాటలో ఇవ్వడం అన్నదే లేదు. 1755లో వెలువడిన శామ్యూల్ జాన్సన్ నిఘంటువు దీనికి చెప్పిన అర్థం, అందుకోలేని సుఖాలను చూపించి హింసించడం అని. ‘అందుకోలేని’ అన్నది ఆ వివరణకు ప్రాణం. మీ సంపాదకులు పెట్టిన మాటలో జారిపోయింది సరిగ్గా అదే.

గ్రీకుకథలు

ఈ క్రియ ఒక మనిషి పేరు నుంచి వచ్చింది. గ్రీకు పురాణాలలో టాంటలస్ ఒక రాజు, దేవతల రాజైన జ్యూస్ కుమారుడు. నేటి టర్కీలోని మనీసా పట్టణం పక్కన ఉన్న సిపిలస్ పర్వత ప్రాంతాన్ని ఏలాడని చెబుతారు. హోమర్ కావ్యం ‘ఒడిస్సీ’ పదకొండవ సర్గలో కథానాయకుడు ఒడిస్యూస్ మృతుల లోకానికి వెళ్లి, అక్కడ తాను చూసినవారి సంగతులు చెబుతాడు. టాంటలస్ ఒక మడుగులో నిలబడి ఉన్నాడు, నీళ్లు గడ్డాన్ని తాకుతున్నాయి, అయినా దాహంతో అల్లాడుతున్నాడు. ఆ ముసలివాడు తాగుదామని వంగిన ప్రతిసారీ నీళ్లన్నీ ఇంకిపోయి పాదాల చుట్టూ నల్లని నేల బయటపడుతుంది. తలపైన దానిమ్మ, పియర్, ఆపిల్, అత్తి, ఆలివ్ కొమ్మలు పండ్లతో వంగి ఉంటాయి. చెయ్యి చాచగానే గాలి వాటిని మబ్బుల దాకా విసిరేస్తుంది.

హోమర్ వర్ణనలో నన్ను ఎప్పుడూ నిలిపివేసే అంశం ఒకటుంది. అతడు కదలకుండా నిలబడినంతసేపూ నీళ్లు గడ్డం దగ్గరే ఉంటాయి, వంగితేనే పోతాయి. దాహం తీర్చుకోవాలని చేసే ప్రయత్నమే నీటిని పోగొడుతోంది. ఎడారిలో దాహంతో పడి ఉండడం కన్నా ఇది ఎందుకు ఘోరమో ఆ ఒక్క వివరం వల్లే తెలుస్తుంది. ఇంగ్లీషువారు 16వ శతాబ్దం చివరి దశాబ్దంలో అతని పేరుకు ‘ఐజ్’ ప్రత్యయం చేర్చి క్రియ చేసుకున్నారు.

పాలకేంద్రం

మనిషి పేరుకు ‘ఐజ్’ చేర్చి క్రియ చేయడం మనకూ పరిచితమే. పాల ప్యాకెట్ల మీద ఉండే పాశ్చరైజ్డ్ అనే మాట లూయీ పాశ్చర్ పేరు నుంచి, ఇంటి పైకప్పుకు వాడే గాల్వనైజ్డ్ రేకుల మాట లూయిజీ గాల్వానీ పేరు నుంచి వచ్చాయి. అయితే వారు చరిత్రలో ఉన్న శాస్త్రవేత్తలు, టాంటలస్ పురాణ పురుషుడు.

పాలమూరు_పొలం

‘ఊరించడం’ వంటింటి మాట అన్న సంపాదకులు ఒక్క జూన్ నెల మా పొలాల్లో గడిపితే బాగుంటుంది. మృగశిర కార్తెలో దుక్కి దున్ని, విత్తనం తెచ్చి ఇంట్లో పెట్టుకుని చూస్తుంటే, పడమటి నుంచి నల్లటి మబ్బు లేచి, చల్లగాలి తోలి, నాలుగు చినుకులు రాల్చి, పక్క మండలం మీదుగా వెళ్లిపోతుంది. ‘మబ్బు ఊరించి పోయింది’ అని మేము అంటాము. ఊరించి ఉసూరుమనిపించిన వాన అని పత్రికలు కూడా ఏటా రాస్తూనే ఉన్నాయి. ఆ మాటలో తేలికదనం ఏమీ లేదు, పెట్టుబడి పెట్టినవాడికి దాని బరువు తెలుస్తుంది.

చిన్నక్క_నల్గొండ

అంతటి శిక్ష పడడానికి ఆ టాంటలస్ చేసిన నేరం ఏమిటి? అది తెలిస్తే మాట అర్థం మరింత తేటపడుతుంది కదా.

గ్రీకుకథలు

హోమర్ నేరం ఏమిటో చెప్పడు, శిక్షను మాత్రమే చూపిస్తాడు. తరువాతి కవులు ఒక్కొక్కరు ఒక్కో కారణం చెప్పారు.

సిరక్యూస్ పాలకుడు హీరాన్ గుర్రం ఒలింపిక్ పందెంలో గెలిచినప్పుడు, క్రీస్తుపూర్వం 476లో, గ్రీకు కవి పిండార్ రాసిన కీర్తనలో ఈ కథ వస్తుంది. దేవతలు తమ పంక్తిలో కూర్చోబెట్టుకుని గౌరవించిన మానవుడు టాంటలస్. ఆ మహాభాగ్యాన్ని అతడు జీర్ణించుకోలేకపోయాడని పిండార్ అంటాడు. జీర్ణించుకోవడం అన్నది గ్రీకు మూలంలోనే ఉంది, తెలుగు నుడికారం కోసం నేను తెచ్చి పెట్టలేదు. దేవతలు తనకు అమరత్వం ప్రసాదించిన అమృతాహారాన్ని దొంగిలించి తన తోటి తాగుబోతు మిత్రులకు పంచిపెట్టాడు.

మరొక కథ ఇంతకన్నా దారుణం. దేవతల సర్వజ్ఞతను పరీక్షించడానికి తన కొడుకు పెలాప్స్‌ను చంపి, వండి, వారికి వడ్డించాడు. తక్కినవారు కనిపెట్టి ముట్టలేదు, కూతురి కోసం దుఃఖంలో ఉన్న పంటల దేవత డిమీటర్ మాత్రం తెలియక భుజం భాగం తినేసింది. దేవతలు ఆ బాలుణ్ణి మళ్లీ బ్రతికించి, పోయిన భుజానికి బదులు దంతపు భుజం అమర్చారు. గ్రీసు దక్షిణ భాగానికి పెలొపొనీస్ అనే పేరు ఈ పెలాప్స్ వల్లనే వచ్చింది. దేవతలు నరమాంసం తిన్నారనడానికి పిండార్ ఒప్పుకోడు. అసూయాపరులైన ఇరుగుపొరుగువారు పుట్టించిన పుకారు అది అంటాడు.

మూడవది యూరిపిడీస్ ‘ఒరెస్టీస్’ నాటకంలో, క్రీస్తుపూర్వం 408లో, వస్తుంది. దేవతలతో సమానంగా పంక్తిలో కూర్చునే భాగ్యం ఉండి కూడా నోరు అదుపులో పెట్టుకోలేకపోవడమే అతని నేరం అని అక్కడ ఉంది.

చిన్నక్క_నల్గొండ

అంటే ఏ కథ తీసుకున్నా నేరం భోజన పంక్తి దగ్గరే జరిగింది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టినవాడికి తిండీ నీళ్లూ అందకుండా చేయడమే శిక్ష అయింది. ఇప్పుడు ఆ పండ్లకూ నీళ్లకూ కారణం అర్థమైంది.

తర్కం_గుంటూరు

ఆ పొందిక చూడడానికి అందంగా ఉంది కానీ, పూర్తి కథ అది కాదు. పిండార్ చెప్పిన శిక్షలో నీళ్లూ లేవు, పండ్లూ లేవు. జ్యూస్ అతని తలపైన ఒక పెద్ద రాయిని వేలాడదీస్తాడు, అది ఎప్పుడు పడుతుందోనన్న భయంతో అతనికి సంతోషం అన్నదే ఉండదు. యూరిపిడీస్ చెప్పేదీ రాయి సంగతే. డెల్ఫీలో పాలిగ్నోటస్ వేసిన చిత్రంలో రెండు శిక్షలూ కలిసి ఉన్నాయని, క్రీస్తుశకం 2వ శతాబ్దపు యాత్రికుడు పాసానియస్ రాశాడు. పైగా గ్రీకుల సామెతలో ‘టాంటలస్ టాలంట్లు’ (టాలంట్ అంటే ఒక బరువు కొలత) అంటే అంతులేని సంపద. భయానికీ, సంపదకూ, తీరని దాహానికీ మూడింటికీ గుర్తుగా ఉన్న పేరును తీసుకుని ఇంగ్లీషు దాహాన్ని మాత్రమే ఉంచుకుంది. తలపైన వేలాడే ఆపద గురించి చెప్పడానికి వారికి డామోక్లీస్ కత్తి ఉండనే ఉంది. కనుక మాట పుట్టుక తెలుసుకోవడం మంచిదే కానీ, అర్థాన్ని నేటి వాడుకలోనే వెతకాలి. నేటి ఇంగ్లీషులో భోజనశాలల ప్రకటనలలో, వంటల వర్ణనలలో టాంటలైజింగ్ అంటే నోరూరించే అని మాత్రమే అర్థం. అక్కడ వంటకం మన ముందుకు వస్తుంది, మనం తింటాము, ఎవరికీ శిక్ష పడదు. ఆ వాడుకను బట్టి చూస్తే ఆకర్షణ అనే అర్థం వచ్చే మాట కోరిన సంపాదకులను పూర్తిగా తప్పుపట్టలేము.

పాతపుస్తకాలు

వంటకాల ప్రకటనలో అర్థం పలచబడిన మాట నిజమే. కానీ ఒకే పదం ఒకచోట పలచబడి మరొకచోట చిక్కగా నిలిచి ఉండవచ్చు. అనువాదిని గారి వాక్యంలో నీటి జాడ కనిపించింది, కొలవబోతే పోయింది, మళ్లీ కనిపించింది. అది హోమర్ మడుగే తప్ప భోజనశాల కాదు. అనువాదకులు ఆ వాక్యానికి ఏ అర్థం కావాలో దానినే తేవాలి.

ఇదే పేరుతో ఒక వస్తువు కూడా ఉంది. విక్టోరియా రాణి కాలపు సంపన్నుల ఇళ్లలో, మద్యం నింపిన రెండు మూడు గాజు సీసాలను ఒక కొయ్య చట్రంలో నిలిపి, పైన అడ్డకడ్డీ వేసి తాళం పెట్టేవారు. లోపలి మద్యం స్పష్టంగా కనిపిస్తుంది, తాళంచెవి లేనిదే సీసా బయటికి రాదు. పనివారు తాగకుండా ఈ ఏర్పాటు. దాని పేరు టాంటలస్.

సంస్కృతాంధ్రం

‘మృగతృష్ణ’ అనే చక్కని మాట మనకు ఉండగా ఇంత అన్వేషణ ఎందుకు? ఎండమావిని నీరనుకుని పరుగెత్తే లేడి దాహం కూడా తీరదు, అది దగ్గరకు వెళ్లేకొద్దీ దూరం జరుగుతుంది. ‘మృగతృష్ణ వంటి జాడ’ అంటే గంభీరంగానూ ఉంటుంది, సంపాదకులూ సంతోషిస్తారు.

గ్రీకుకథలు

సంస్కృతాంధ్రం గారు, దూరం జరగడం వరకు పోలిక సరిపోతుంది, ఆ తరువాత రెండూ విడిపోతాయి. ఎండమావిలో నీరు లేదు, లేడి భ్రమపడింది. టాంటలస్ మడుగులో నిజమైన నీరు ఉంది, అతని గడ్డానికి తగులుతోంది. ఎండమావి అనగానే ఆ శాస్త్రవేత్తలు భ్రమపడ్డారని తేల్చేసినట్టు అవుతుంది. వ్యాసకర్త ఆ మాట అనలేదు.

కాకినాడ_అనువాదిని

నిజమే, వ్యాసంలో ఆ జాడ అబద్ధమని ఎక్కడా లేదు, నిజం కావచ్చుననే ఆశ చివరి వాక్యం వరకూ ఉంది. కాబట్టి మృగతృష్ణను పక్కన పెడుతున్నాను.

భాషాశాస్త్రం_హైదరాబాద్

పేరు పుట్టుక గురించి ఒక సంగతి చెప్పాలి, అది మనకు చాలా దగ్గరిది. గ్రీకులో ఈ పేరు ‘టాంటలోస్’. మోయడం, భరించడం అనే అర్థం గల ‘తెల్’ అనే ప్రాచీన ఇండో యూరోపియన్ ధాతువును ద్విరుక్తం చేయగా, అంటే రెండుసార్లు పలకగా, ఇది ఏర్పడిందని పలువురు పండితుల అభిప్రాయం. అంటే భరించేవాడు, బాధను మోసేవాడు. ఆకాశాన్ని మోసే అట్లాస్ పేరునూ ఆ ధాతువుకే ముడిపెడతారు. త్రాసుకూ, దానిలో తూచే బరువుకూ గ్రీకులో ఉన్న ‘టాలంటన్’ కూడా దాని నుంచి పుట్టింది. ఇంగ్లీషు టాలెంట్‌కు మూలం ఆ మాటే. సంస్కృతంలో ఆ ధాతువు నుంచి వచ్చినదే ‘తుల’. మన తులాభారం, తులనాత్మకం, సమతుల్యం, చివరికి బంగారం కొట్టులో అడిగే తులం కూడా ఆ కుటుంబానివే. ప్లేటో ‘క్రాటిలస్’ సంవాదంలో సోక్రటీస్ ఈ పేరును రెండు విధాలుగా విడదీస్తాడు. తలపైన రాయి ఊగడం నుంచి ఒకటి, అందరికన్నా దుఃఖభాగి అనే అర్థం నుంచి మరొకటి. నేటి భాషాశాస్త్ర పద్ధతి కాకపోయినా, ఆ పేరులోనే బాధ వినిపించడం ఆనాటివారికీ తెలుసునని దీనివల్ల గ్రహించవచ్చు.

ఇక ‘ఊరించు’ సంగతి. ‘ఊరు’ అనే క్రియ నుంచి ఊట, ఊటబావి, ఊరబెట్టడం, ఊరగాయ అన్నీ వచ్చాయి. నోటిలో నీరు ఊరేలా చేయడమే ఊరించడం. టాంటలస్ వంగితే మడుగులో నీరు ఇంకుతుంది. మన మాటలో నీరు నోటిలో ఊరుతుంది. ఊరడమూ ఇంకడమూ తెలుగులో ఒకదానికొకటి ఎదురు మాటలు. కోరిక పుట్టే వైపు నుంచి తెలుగు ఈ విషయాన్ని చూసింది, కోరిక తీరకుండా పోయే వైపు నుంచి గ్రీకు కథ చూసింది. అందువల్ల ‘ఊరించు’ సగం అర్థాన్ని చాలా బలంగా ఇస్తుంది, రెండవ సగానికి దానికి తోడు కావాలి.

తర్కం_గుంటూరు

తుల గురించి చెప్పినది ఆసక్తికరంగా ఉంది. అయితే టాంటలస్ కథ ఆసియా మైనర్ (నేటి టర్కీ) నేలకు చెందినది కనుక, ఆ పేరు అక్కడి ప్రాచీన భాషలలో పుట్టి గ్రీకులోకి వచ్చి ఉండవచ్చనే వాదన ఉంది. తులంతో బంధుత్వాన్ని నిశ్చయంగా కాక, సంభావ్యంగా చెప్పుకోవడం మేలు.

భాషాశాస్త్రం_హైదరాబాద్

ఆ పేరు విషయంలో మీ జాగ్రత్త సమంజసమే. టాలంటన్, తుల ఒకే కుటుంబం అన్నదానిలో మాత్రం వివాదం లేదు.

ఎడిసన్_తెలుగు

న్యూజెర్సీలో ఉంటాను. అమెరికా గ్రీన్‌కార్డు వరుసలో నిలబడినవారికి ఈ మాట నిఘంటువు చూడకుండానే అర్థమవుతుంది. ఉద్యోగాల ద్వారా ఇచ్చే కార్డులు ఏడాదికి సుమారు 1,40,000. వాటిలో ఏ ఒక్క దేశంలో పుట్టినవారికీ సాధారణంగా 7 శాతానికి మించి దక్కకూడదని చట్టం. భారతదేశంలో పుట్టినవారి వరుస అందువల్ల దశాబ్దాల పొడవు పెరిగింది. ప్రతి నెలా అక్కడి విదేశాంగ శాఖ ఒక ప్రకటన వేస్తుంది, దానిలో ఇచ్చిన తేదీ కన్నా ముందు దరఖాస్తు పడినవారికి మాత్రమే వంతు వస్తుంది. ఆ తేదీ నెలనెలా ముందుకు జరిగి మన తేదీకి అతి దగ్గరగా వచ్చి, ఒక్కసారిగా ఏళ్ల వెనక్కి వెళ్లిపోవడం జరుగుతుంది. ఎక్కువమందికి వంతు వచ్చి, వారు ఒక్కసారిగా దరఖాస్తులు పెట్టుకోవడం వల్లే ఆ కోటా నిండిపోయి తేదీ వెనక్కి పోతుంది. వంగితే నీళ్లు ఇంకిపోవడం అన్న గ్రీకుకథలు గారి మాట చదవగానే, నా పిల్లలకు ఇరవై ఒక్క ఏళ్లు నిండకముందే ఈ వరుస ముగుస్తుందా అని ప్రతి నెలా ఆ పట్టిక తెరిచే నా మనసుకు ఒక పేరు దొరికినట్టు అనిపించింది.

ఉద్దానం_కొబ్బరితోట

శ్రీకాకుళం జిల్లా కవిటి వైపు ఉంటాము. మా ఉద్దానంలో మూత్రపిండాల జబ్బు ఎంతగా పాకిందో మీకు తెలిసే ఉంటుంది. మా నాన్న డయాలసిస్ మీద ఉన్నారు. రోజుకు ఎన్ని నీళ్లు తాగాలో డాక్టరుగారు కొలిచి చెప్పారు, అంతకు మించితే ఆ నీరు ఒంట్లో నిలిచిపోయి కాళ్లు వాస్తాయి, ఊపిరి ఆడదు. కొబ్బరినీళ్లు పూర్తిగా నిషేధం, దానిలోని పొటాషియం వల్ల గుండెకు ప్రమాదం. జీవితమంతా కొబ్బరి చెట్లు పెంచిన మనిషి, ఇంటి చుట్టూ గెలలు వేలాడుతుంటాయి, వేసవిలో పొలం నుంచి వచ్చిన కూలీలకు తానే బొండాలు కొట్టించి ఇస్తారు, తాను మాత్రం పెదవులు తడుపుకుని ఊరుకుంటారు. ఇక్కడ పండ్లూ నీళ్లూ అన్న వర్ణన చదివి కొంతసేపు ఏమీ రాయలేకపోయాను. అనువాదిని గారు, ఈ మాటకు తేలికైన పదం పెట్టవద్దని నా మనవి.

తర్కం_గుంటూరు

మీ నాన్నగారి ఆరోగ్యం కుదుటపడాలని మనసారా కోరుకుంటున్నాను. అర్థ విషయంలో మాత్రం ఒక భేదం ఉందనిపిస్తుంది. మీ నాన్నగారికి బొండం అందుతుంది, ఆయనే తన మేలు ఎరిగి చేయి వెనక్కి తీసుకుంటున్నారు. టాంటలస్‌కు ఆ నిర్ణయం లేదు, అతడు ఎన్నడూ చేయి చాచకుండా ఉండలేడు, ఆ వస్తువు ఎన్నడూ చేతికి రాదు. మీరు చెప్పినది నిగ్రహం. ఆ మాట చెప్పేది నిస్సహాయత.

ఉద్దానం_కొబ్బరితోట

దాహం అర్ధరాత్రి మనిషిని లేపి కూర్చోబెట్టినప్పుడు ఆ భేదం అంత స్పష్టంగా ఉండదండీ. అయినా మీరు అన్నదానిలో నాకు ధైర్యం కూడా దొరికింది. చేయి వెనక్కి తీసుకోవడం ఆయన చేస్తున్న పని, ఆయన మీద పడిన శిక్ష కాదు. ఈ మాట ఆయనకు చెబుతాను.

గ్రీకుకథలు

చేయి చాచడం, వెనక్కి తీసుకోవడం గురించి రోమన్ కవి హొరేస్ అన్నది ఇక్కడ గుర్తుచేయాలి. పిసినారి గురించి చెబుతూ, పెదవుల నుంచి పారిపోయే నీటిని టాంటలస్ పట్టబోతున్నాడని మొదలుపెట్టి, నవ్వుతావెందుకు, పేరు మార్చితే ఈ కథ నీ గురించే అంటాడు. డబ్బు మూటల మీద పడుకుని వాటిని ముట్టుకోలేని మనిషికి అడ్డుపడే దేవుడెవరూ లేడు, తన లోభమే తనకు అడ్డు. అంటే రోమన్ల కాలానికే ఈ కథ బయటి శిక్ష నుంచి మనిషి లోపలికి వచ్చేసింది. తర్కం గారు గీసిన గీతను హొరేస్ అప్పుడే కొంత చెరిపాడు.

లోహవిద్య

ఈ పేరు రసాయనశాస్త్రంలో స్థిరపడిన విధానం కూడా ఈ చర్చకు పనికి వస్తుంది. 1802లో స్వీడన్ రసాయనవేత్త ఆండర్స్ గుస్తాఫ్ ఎకెబర్గ్ ఒక కొత్త మూలకాన్ని గుర్తించి దానికి టాంటలం అని పేరు పెట్టాడు. దాని ఆక్సైడును ఎంత ఆమ్లంలో ముంచినా అది ఆమ్లాన్ని ఏమాత్రం తనలోకి తీసుకోదు. నీటిలో నిలబడి కూడా తాగలేని టాంటలస్‌లా ఉందని ఆ పేరు ఎంచుకున్నాడు. 1844లో హైన్రిఖ్ రోజ్ దానితో కలిసి ఉండే మరో మూలకానికి టాంటలస్ కూతురు నయోబీ పేరు మీద నయోబియం అని పెట్టాడు. ఈ రెండు లోహాలూ ఖనిజాలలో దాదాపు ఎప్పుడూ కలిసే ఉంటాయి, వేరుచేయడం చాలా కష్టం, కనుక తండ్రీకూతుళ్ల పేర్లు చక్కగా కుదిరాయి. టాంటలం పరమాణు సంఖ్య 73, సుమారు 3,000 డిగ్రీల సెల్సియస్ దాటితే గానీ కరగదు. ఆమ్లాలకు లొంగని ఆ గుణం వల్లే శరీరంలో అమర్చే వైద్య పరికరాలకు పనికి వస్తుంది. మన మొబైల్ ఫోన్లలోని చిన్న చిన్న కెపాసిటర్లలోనూ ఈ లోహం ఉంటుంది. హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో ఈ రెండు లోహాలనూ తయారుచేశారు.

ఎకెబర్గ్ ఆ పురాణ కథలో తీరని కోరికను కాక, చుట్టూ ఉన్నదాన్ని స్వీకరించలేకపోవడాన్ని చూశాడు. లోహానికి కోరిక ఉండదు కనుక అది సరైన ఎంపిక అని నా అభిప్రాయం.

కొంగలు_ఉప్పలపాడు

గుంటూరు దగ్గర మా ఉప్పలపాడు చెరువుకు వచ్చే పెయింటెడ్ స్టార్క్ అనే రంగుల కొంగకు 1769లో పెట్టిన తొలి శాస్త్రీయ నామం టాంటలస్ ల్యూకోసెఫాలస్. ఆ ప్రజాతి పేరు తరువాత మారింది. రోజంతా నీటిలో నిలబడే పక్షి అది, కానీ చేపలు మాత్రం దానికి బాగానే దొరుకుతాయి.

కాకినాడ_అనువాదిని

అందరి మాటలూ చదివాక నాకు మూడు విషయాలు తేలాయి. వస్తువు నిజమైనది కావాలి, చేరువలో ఉండాలి, పట్టుకోబోయిన ప్రయత్నంలోనే జారిపోవాలి. ‘ప్రలోభం’ మూడవదానిని వదిలేస్తుంది, ‘మృగతృష్ణ’ మొదటిదానిని కాదంటుంది. భాషాశాస్త్రం గారు చెప్పినట్టు ‘ఊరించు’కు ఒక తోడు కావాలి. వాక్యాన్ని ఇలా మార్చాను: ‘నీటి ఆవిరి జాడ శాస్త్రవేత్తలను ఊరిస్తూ, కొలవబోయిన ప్రతిసారీ అందకుండా పోతోంది.’ విశేషణాన్ని విశేషణంగానే తేవాలన్న పట్టుదల వదిలేయగానే వాక్యం తేలికగా నడిచింది.

పాలమూరు_పొలం

అలా అంటే మా ఊరివాళ్లకు కూడా అర్థమవుతుంది.

తర్కం_గుంటూరు

వాక్యం బాగుంది. విశేషణమే కావలసి వచ్చినచోట, శీర్షికల వంటి వాటిలో, ‘అందీ అందని’ అని వాడవచ్చు. ‘అందీ అందని నీటి జాడ’. దానిలో వేధింపు లేదు, భ్రమ లేదు, చేరువా దూరమూ రెండూ ఉన్నాయి. అయితే దానిలో కోరిక కనిపించదు కనుక, వ్యాసం లోపల మీ ‘ఊరిస్తూ’ తప్పక ఉండాలి.

కాకినాడ_అనువాదిని

శీర్షిక, వాక్యం రెండూ సంపాదకులకు పంపించాను. శీర్షికకు వెంటనే ఒప్పుకున్నారు. ‘ఊరిస్తూ’ విషయంలో ఇక్కడి వాదనలు, ముఖ్యంగా మబ్బు గురించి పాలమూరు_పొలం గారు రాసినది, వారికి చదివి వినిపించాను. ఉంచడానికి అంగీకరించారు.

భాషాశాస్త్రం_హైదరాబాద్

మీరు అనువాద పదకోశం తయారుచేసుకుంటూ ఉంటే, ఈ మాటను రెండు వేర్వేరు అర్థాల కింద విడివిడిగా నమోదు చేయండి. వంటకాలు, సువాసనల సందర్భంలో ‘నోరూరించే’, ఆధారాలు, అవకాశాలు, ఫలితాల సందర్భంలో ‘ఊరించి అందకుండా పోయే’ అనీ, క్లుప్తంగా ‘అందీ అందని’ అనీ. ఒకే మాట కింద కలిపి రాస్తే, మళ్లీ ఎవరో ఒకరు ఒకదాని చోట రెండవది పెడతారు.